ఒకే చట్టంలో మనమూ వాళ్లూ: హైదరాబాద్ నుంచి ఢిల్లీ పోయిన పెళ్లి కేసు

కొంచెం పెద్ద పోస్టు. మెస్ బెల్లు కొట్టేలోపు అయిపోయేది కాదు, తీరిక చూసుకొని చదవండి.

ఆడ ఆడ, మగ మగ పెళ్లి చేసుకునే హక్కు గురించి హాస్టల్‌లో ఎప్పుడు ముచ్చట వచ్చినా ఒకటే మాట వింటున్న. "అది బంజారాహిల్స్ ముచ్చటరా, మనకెందుకు." ముందు ఆ పేరు సంగతే చూడండి. బంజారాలంటే ఎవరు? మనమే గదా. ఆ గుట్టల మీద మనోళ్లు ఉండేవాళ్లు కాబట్టే ఆ పేరొచ్చిందని చెప్తరు. ఇప్పుడు అక్కడ మనకు మిగిలింది రోడ్ నంబర్ 10లో సేవాలాల్ బంజారా భవన్, పక్కన కుమ్రం భీం ఆదివాసీ భవన్. 2022 సెప్టెంబర్ 17న తెరిచిండ్రు. మిగతా గుట్టంతా ఎవరిదో మీకు తెలుసు.

నవ్వులాటకు అనలేదు. "ఇది పట్నం పెద్దోళ్ల ముచ్చట" అనే మాట ఉత్త హాస్టల్ మాట కాదు. 2023లో కేంద్ర ప్రభుత్వమే సుప్రీంకోర్టుకు ఇచ్చిన కాగితాల్లో రాసింది, ఈ పిటిషన్లు పట్నంలోని ఉన్నత వర్గాల ఆలోచనలు మాత్రమే అని. అంటే పల్లెలు, గూడేలు, తండాలు ఒప్పుకోవు అని మన తరఫున కూడా వాళ్లే చెప్పేసిండ్రు. మనల్ని ఎవరైనా అడిగిండ్రా? అందుకే ఈ కేసు చరిత్ర రాస్తున్న. మొదలైంది మన హైదరాబాద్‌లోనే. దాని వేరు పట్టుకొని వెనక్కి పోతే మన తాతల దగ్గరికే వస్తది.

ముందు కేసు. సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ అని ఇద్దరు యువకులు. ఒకరు బెంగాలీ, ఒకరు పంజాబీ, కలిసింది బతికింది హైదరాబాద్‌లో. ఒకరు హోటల్ మేనేజ్‌మెంట్ పిల్లలకు పాఠాలు చెప్తరు, ఇంకొకరు ఐటీ ఉద్యోగం. 2021లో కరోనా రెండో వేవ్ వచ్చినప్పుడు ఇద్దరికీ కరోనా సోకింది. బతికి బయటపడ్డంక, ఇట్ల ఎప్పుడేమైతదో తెల్వదని, అదే ఏడాది డిసెంబర్‌లో ఊరి బయట ఒక రిసార్ట్‌లో ఇంటోళ్లను, దోస్తులను పిలుచుకొని వేడుక చేసుకున్నరు. ఉంగరాలు మార్చుకున్నరు, బెంగాలీ పద్ధతి కొంత, పంజాబీ పద్ధతి కొంత. అయితే చట్టం లెక్కలో అది పెళ్లి కాదు. ఆస్పత్రిలో సంతకం పెట్టాలన్నా, ఇన్సూరెన్స్‌లో పేరు రాయాలన్నా ఒకరికొకరు ఏమీ కారు.

2022 నవంబర్‌లో వాళ్లు సుప్రీంకోర్టులో పిటిషన్ వేసిండ్రు. 1954 నాటి స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ కింద మాకూ పెళ్లి రిజిస్టర్ చేయాలని అడిగిండ్రు. నవంబర్ 25న కోర్టు కేంద్రానికి నోటీసిచ్చింది. ఆ తర్వాత దేశం నలుమూలల నుంచి పిటిషన్లు వచ్చి ఇరవై దాకా అయినయి. బెంగళూరు ట్రాన్స్‌జెండర్ కార్యకర్త అక్కై పద్మశాలితో పాటు మన హైదరాబాద్ కార్యకర్త వైజయంతి వసంత మొగిలి కూడా పిటిషనర్‌గా ఉన్నరు. అన్నీ కలిపి నడిచిన కేసు పేరు మాత్రం "సుప్రియో వర్సెస్ యూనియన్ ఆఫ్ ఇండియా". దేశంలో ఏ లా కాలేజీలో ఈ పాఠం చెప్పినా హైదరాబాద్ పిలగాని పేరుతోనే మొదలైతది.

ఢిల్లీకి పోయి అడగడం మనకు కొత్త కాదు. నాంపల్లి స్టేషన్‌లో పొద్దుగాల తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మర్నాడు పొద్దున ఢిల్లీలో దిగుతం. అది ఏపీ ఎక్స్‌ప్రెస్‌గా ఉన్న రోజుల్లో తెలంగాణ కోసం జంతర్ మంతర్‌కు పోయిన విద్యార్థులు ఎంతమందో. మన సంఘాలోళ్లు పోడు పట్టాల కోసం, రిజర్వేషన్ కోసం పోతూనే ఉంటరు. ఈ కేసు వాళ్లు కూడా ముందు ఊర్లోనే నడక మొదలుపెట్టిండ్రు. 2013 ఫిబ్రవరిలో ఖైరతాబాద్ పక్కన నెక్లెస్ రోడ్డు మీద హైదరాబాద్ మొదటి ప్రైడ్ నడక జరిగింది. కొందరు ముఖాలకు మాస్కులు కట్టుకొని నడిచిన కాలం అది. అదే ఏడాది డిసెంబర్ 11న సుప్రీంకోర్టు 377 సెక్షన్‌ను మళ్లీ నిలబెట్టింది, అంటే వాళ్ల ప్రేమ మళ్లీ నేరమైంది. 2018 సెప్టెంబర్ 6న ఐదుగురు జడ్జిల బెంచ్ దాన్ని కొట్టేసేదాకా ఐదేళ్లు అట్లనే. ఆ తీర్పు వచ్చి సరిగ్గా ఎనిమిది రోజులకు మిర్యాలగూడలో ప్రణయ్‌ని నరికిండ్రు. ఆ పెళ్లి ఆడ మగ పెళ్లే, చట్టం ఒప్పుకున్నదే. ఎవర్ని చేసుకోవాలో నువ్వు కాదు, మేం చెప్తం అనేటోళ్లు రెండు చోట్లా ఒక్కటే అని నాకనిపిస్తది.

ఇప్పుడు అసలు చరిత్రకు వస్త. ఇక్కడ కొంచెం ఆగి చదవండి.

క్రిమినల్ ట్రైబ్స్ యాక్ట్, 1871. ఈ పేరు మన గ్రూపులో తెల్వనోళ్లు ఉండరు. పుట్టుకతోనే దొంగలని కొన్ని జాతులకు ముద్ర వేసి, పోలీసు రిజిస్టర్‌లో పేర్లు రాసి, ఊరు దాటాలంటే పాస్ అడిగిన చట్టం. 1911లో కొత్తగా రాసిన చట్టంతో అది మద్రాసు రాష్ట్రం వైపు వచ్చింది. ఎరుకల వాళ్లను తెచ్చి బాపట్ల దగ్గర స్టువర్టుపురం సెటిల్‌మెంట్‌లో పెట్టింది ఆ లెక్కలోనే. నిజాం రాజ్యంలో లంబాడాల మీద కూడా ఇట్లనే నేరస్థుల ముద్ర పడింది. ప్రొఫెసర్ భుక్యా భంగ్యా గారు దాని మీద పరిశోధించి పుస్తకమే రాసిండ్రు. ఆగస్టు 31న మనం విముక్త దినం జరుపుకునేది కూడా 1952లో ఆ చట్టం పోయిన రోజని.

అయితే నాకు మొన్నమొన్నటిదాకా తెల్వని సంగతి ఒకటుంది. మనోళ్లలో కూడా చానా మందికి తెల్వదనుకుంట. 1871 చట్టంలో రెండు భాగాలున్నయి. మొదటి భాగం నేరస్థ జాతుల మీద. రెండో భాగం ఎవరి మీదనో తెలుసా? హిజ్రాల మీద. చట్టం వాళ్లను "యూనక్స్" అన్నది. పిల్లలను ఎత్తుకపోతరని, 377 కింద నేరం చేస్తరని అనుమానముంటే చాలు, వాళ్ల పేర్లూ ఆస్తులూ రిజిస్టర్‌లో రాయాలి. అట్ల పేరెక్కినోళ్లు ఆడబట్టలు కట్టుకొని, నగలు పెట్టుకొని బజారుకొచ్చినా, ఆడినా పాడినా వారంట్ లేకుండా పట్టుకొని రెండేళ్ల దాకా జైల్లో పెట్టొచ్చు. ఇంకా చూడండి. వాళ్లు వీలునామా రాయొద్దు. ఎవరికీ దానం ఇయ్యొద్దు. మైనర్ పిల్లలకు సంరక్షకులుగా ఉండొద్దు. కొడుకును దత్తత తీసుకోవద్దు. ఆస్తి ఎవరికి పోవాలె, పిల్లలు ఎవరి పేరు మీద ఉండాలె, ఇవి కుటుంబం సంగతులు. ఇయ్యాల పెళ్లి హక్కు అడిగేటోళ్లు అడిగేది కూడా కొంచెం అటు ఇటుగా ఇవే. 150 ఏండ్ల కింద తెల్లదొర రాసి మరీ తీసుకున్నవి.

ఒకే చట్టం, ఒకే అట్ట. ముందు పేజీల్లో తిరుగుడు జాతులు, వెనక పేజీల్లో హిజ్రాలు. ఎందుకట్ల కలిపి రాసిండ్రు? నా లెక్కలో, ఒక చోట ఇల్లు కట్టుకొని, శిస్తు కట్టి, మొగుడు పెళ్లాం పిల్లలు అనే లెక్కలో ఇమిడేటోళ్లు వాళ్లకు మంచి రైతులు. తండా కట్టి ఎడ్ల మీద ఉప్పు మోసుకుంట తిరిగేటోళ్లు, పాడుకుంట అడుక్కొని బతికేటోళ్లు ఇద్దరూ వాళ్ల లెక్కకు చిక్కలేదు. చిక్కనోళ్లను రిజిస్టర్‌లో రాసుకున్నరు.

నిజాం సర్కారు కూడా అదే దారిన పోయి 1329 ఫసలీలో, అంటే 1919లో, హైదరాబాద్‌లో హిజ్రాల మీద ప్రత్యేకంగా ఒక చట్టం చేసింది. నగరంలో ఉండే హిజ్రాలకు రిజిస్టర్, ఆడ వేషంలో కనబడితే వారంట్ లేని అరెస్టు, రెండేళ్ల దాకా జైలు. ఇప్పుడు ఆబిడ్స్‌లో షాపుల ముందు చప్పట్లు కొట్టి దీవెనలిచ్చే వాళ్లున్నరే, ఆ రోడ్ల మీద వాళ్లు నడవడమే నేరం. రాజ్యం పోయింది, హైదరాబాద్ రాష్ట్రం పోయింది, ఆంధ్రప్రదేశ్ వచ్చి పోయింది, తెలంగాణ వచ్చింది. చట్టం పుస్తకంలో అట్లనే ఉన్నది, పేరు ముందు "తెలంగాణ" అని కూడా చేరింది! నాంపల్లిలో అసెంబ్లీ ఎన్నిసార్లు కూర్చుందో, ఎవరికీ తీసేయాలని తోచలేదు. వైజయంతి వసంత మొగిలి, ఇంకొందరు 2018లో హైకోర్టుకు పోయిండ్రు. 2023 జులై 6న చీఫ్ జస్టిస్ ఉజ్జల్ భుయాన్, జస్టిస్ సి.వి. భాస్కర్ రెడ్డి బెంచ్ ఆ చట్టాన్ని కొట్టేసింది. ట్రాన్స్‌జెండర్లకు ఆసరా పెన్షన్ కూడా ఇవ్వాలన్నది. మన ముద్ర 1952లో పోతే వాళ్లది పోవడానికి ఇంకో 71 ఏండ్లు పట్టింది.

మళ్లీ ఢిల్లీకి పోదాం. 2023 ఏప్రిల్ 18 నుంచి మే 11 దాకా పది రోజులు వాదనలు నడిచినయి. కోర్టే లైవ్ పెట్టింది. నేను తర్వాత హాస్టల్‌లో యూట్యూబ్ రికార్డింగులు ముక్కలు ముక్కలుగా చూసిన, ఇంగ్లీషు సగం అర్థం కాకున్నా. ఐదుగురు జడ్జిల్లో చీఫ్ జస్టిస్ చంద్రచూడ్, కౌల్, రవీంద్ర భట్‌తో పాటు, అంతకుముందు మన తెలంగాణ హైకోర్టు చీఫ్ జస్టిస్‌గా చేసిన హిమా కోహ్లి ఉన్నరు, తెలుగాయన పి.ఎస్. నరసింహ ఉన్నరు.

కేంద్రం రాష్ట్రాల అభిప్రాయం అడిగింది. ఏడు రాష్ట్రాలు జవాబిచ్చినయి. అందులో రాజస్థాన్, ఆంధ్రప్రదేశ్, అస్సాం వద్దన్నయి. మణిపూర్, ఉత్తరప్రదేశ్, మహారాష్ట్ర, సిక్కిం టైం అడిగినయి. తెలంగాణ పేరు ఆ ఏడింటిలో లేదు. ఆంధ్ర ప్రభుత్వం మత పెద్దలను సంప్రదించి వద్దని చెప్పింది. సరే, మతాల పెద్దలను అడిగిండ్రు. ఏజెన్సీలో కొండదేవతలకు మొక్కే వాళ్ల పెద్ద ఎవరు? వాళ్లను అడగాలని ఎవరికన్నా తట్టిందా అని నాకు డౌటు.

అదే ఏప్రిల్‌లో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా తీర్మానం చేసింది, దేశంలో 99.9 శాతానికి పైగా జనం దీన్ని వ్యతిరేకిస్తున్నరని. ఆ లెక్క ఏ సర్వేలో తీసిండ్రో చెప్పలేదు. దీనికి ఎదురు జవాబు రాసింది ఎవరంటే, దేశంలోని ముప్పైకి పైగా లా కాలేజీల క్వీర్ విద్యార్థి సంఘాలు. అంటే మన ఈడు పిల్లలే. రేపు నల్లకోటు వేసుకోవాలంటే ఆ బార్ కౌన్సిల్ దగ్గరే పేరు నమోదు చేసుకోవాలె, అయినా రాసిండ్రు. ఆ ధైర్యం నాకు నచ్చింది.

ఈ శాతాల ముచ్చటకే ఐర్లాండ్ గుర్తుచేస్త. 2015 మే 22న అక్కడ ఇదే విషయం మీద దేశమంతా ఓటు వేసింది. బయట దేశాల్లో ఉండేటోళ్లకు పోస్టులో ఓటేసే వీలు దాదాపు లేదు. దాంతో పని కోసం, చదువు కోసం పోయిన యువత లండన్ నుంచి ఓడల్లో, ఇంకా దూరం నుంచి విమానాల్లో, సొంత డబ్బులు పెట్టుకొని ఊరికి వచ్చి ఓటేసిండ్రు. ఎలక్షన్ ముందు రోజు ఇమ్లీబన్ బస్టాండ్‌లో దేవరకొండ బస్సు కిటికీలోంచి బ్యాగులు వేసి సీటు ఆపుకునే మనకు అది ఎట్లుంటదో చెప్పనక్కర్లేదు. 62 శాతం అవునన్నరు. జనం ఓటుతో ఈ పెళ్లిని ఒప్పుకున్న మొదటి దేశం అదే.

చూస్తే ఒళ్లు పులకరిస్తది, నిజమే. కాని నాకు ఒక పేచీ ఉన్నది. తక్కువ మంది హక్కు మీద ఎక్కువ మంది ఓటు వేసుడు మంచి పద్ధతేనా? రేపు మన రిజర్వేషన్ మీద, ఐదో షెడ్యూల్ మీద, 1/70 చట్టం మీద రాష్ట్రమంతా ఓటు పెడితే ఫలితం ఎట్లుంటదో ఊహించుకోండి. 99.9 వద్దంటున్నరు అనే వాదన వినంగనే మన చెవులే ముందు నిక్కబొడుచుకోవాలె.

2023 అక్టోబర్ 17న తీర్పు వచ్చింది. ఓడిపోయిండ్రు. పెళ్లి చేసుకోవడం రాజ్యాంగం ఇచ్చిన ప్రాథమిక హక్కు కాదని ఐదుగురూ అన్నరు. స్పెషల్ మ్యారేజ్ యాక్ట్‌ను కోర్టు తిరగరాయలేదు, అది పార్లమెంటు పని అన్నరు. పెళ్లి కాకున్నా జంటగా గుర్తింపు ఇవ్వాలని చంద్రచూడ్, కౌల్ అన్నరు. మిగతా ముగ్గురు అక్కర్లేదన్నరు. మూడు రెండుతో అదీ పోయింది. ట్రాన్స్‌జెండర్ వ్యక్తి ఆడ మగ జంటగా పెళ్లి చేసుకుంటే ఇప్పుడున్న చట్టాలే వర్తిస్తయని మాత్రం అందరూ ఒప్పుకున్నరు. ఇంకోటి కూడా ఒప్పుకున్నరు, ఇది మన పోస్టుకు ముఖ్యం. ఇది పట్నం ముచ్చట, పెద్దోళ్ల ముచ్చట అన్న కేంద్రం మాట తప్పని. ఇంగ్లీషు మాట్లాడే పట్నం ఉద్యోగస్తుడే కాదు, ఊర్లో పొలం పని చేసుకునే ఆడమనిషి కూడా క్వీర్ కావచ్చని చంద్రచూడ్ తీర్పులో రాసిండు.

ఆ పొలం పని చేసుకునే ఆడమనిషి దగ్గరికే వస్త. 2006లో ఒడిశా కోరాపుట్ జిల్లాలో ఇద్దరు కోంద్ ఆడవాళ్లు పెళ్లి చేసుకున్నరు. మన అరకు, పాడేరు కొండలకు అవతలి పక్కే. ముందు ఊరు ఒప్పుకోలేదు, ఇద్దరూ వెళ్లిపోయిండ్రు. తర్వాత పెద్దలు కూర్చొని తప్పు కట్టమన్నరు. సారా, ఎడ్ల జత, బియ్యం బస్తా. కట్టినంక ఊరు పెళ్లి చేసి కలుపుకున్నది. అప్పటికి 377 ఇంకా బతికే ఉంది. హైదరాబాద్‌లో మొదటి ప్రైడ్ నడకకు ఏడేళ్లు ముందు. చదువుకున్న దేశం కోర్టులో కొట్లాడుకుంటుంటే, కొండ మీద పంచాయితీ ఎడ్ల జతతో తేల్చేసింది.

మన ఆచారాలన్నీ బంగారమని నేను అనడం లేదు. లేచిపోయిన పిల్లను వెలేసిన పంచాయితీలు నాకు తెలుసు. ఓలి ఇచ్చే తండాల్లోకి కట్నం ఎట్ల వచ్చిందో మన అక్కల పెళ్లిళ్లలో చూసినం. కాని ఒకటి గమనించండి. లేచిపోయినా, ఎదురిచ్చినా, ఇల్లరికం పోయినా, నాయక్, కారోబారి, పటేల్ కూర్చొని మాట్లాడి, తప్పు వేసి, తిని తాగి కలుపుకునే దారి ఒకటి పెట్టుకున్నరు మన పెద్దలు. పెళ్లి అంటే పైనుంచి దిగిన ఒకే ఒక్క అచ్చు కాదని వాళ్లకు తెలుసు.

ఇది ఉత్త ఆచారం కాదు, చట్టం కూడా. హిందూ వివాహ చట్టం 1955లో 2(2) సెక్షన్ చదవండి. కేంద్రం ప్రత్యేకంగా నోటిఫై చేస్తే తప్ప అది ఎస్టీలకు వర్తించదు. మన పెళ్లి మన ఆచారంతోనే చెల్లుతది. సుప్రియో వాళ్లు తట్టిన స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ కూడా ఆచారం ముందు ఒకసారి వంగింది. చేసుకోకూడని వరసల పట్టికలో మేనరికం కూడా ఉంది. కోయల్లో, గోండుల్లో, తెలుగు కులాల్లో చానా వాటిల్లో మేనరికం మామూలే గదా. 1963లో పార్లమెంటు ఆ చట్టాన్ని మళ్లీ తెరిచి, ఇద్దరిలో ఒకరి ఆచారం ఒప్పుకున్నా ఆ పెళ్లి చేయొచ్చని చేర్చింది. తొమ్మిదేళ్లకే తెరిచిండ్రు. రాయి మీద చెక్కిన చట్టమేం కాదు.

పెళ్లి కాగితం లేకపోతే మన దగ్గర ఏమైతది? పోడు పట్టా తీసుకోండి. అటవీ హక్కుల చట్టం 2006, 4(4) ప్రకారం పెళ్లయిన వాళ్లకు పట్టా భార్యాభర్తల ఇద్దరి పేరు మీద రాయాలె. ఒంటరి వాళ్లయితే ఒక్క పేరు. అమ్మే వీల్లేదు, వారసులకే పోతది, వారసులు లేకుంటే దగ్గరి రక్తసంబంధీకులకు. 2023 జూన్ 30న ఆసిఫాబాద్‌లో మొదలుపెట్టి లక్షన్నర మందికి 4 లక్షల ఎకరాలకు పైగా పట్టాలు పంచిండ్రు. ఇద్దరు ఆడవాళ్లు ఇరవై ఏండ్లు కలిసి ఒక పోడు చెక్క దున్నుకున్నరనుకోండి, పట్టా ఒక్కరి పేరు మీదనే వస్తది. ఆ ఒక్కరు పోతే భూమి అన్నకో, అన్న కొడుక్కో పోతది. రెండో ఆమె చేతిలో ఏమీ ఉండదు. బంజారాహిల్స్‌లో ఫ్లాట్ ఉన్నోడు వీలునామా రాసుకుంటడు. పోడు పట్టా వీలునామాతో బయటి మనిషికి ఇస్తే నిలబడుడు కష్టం. అంటే పెళ్లి కాగితం లేని నష్టం పట్నమోని కంటే మన గూడెం మనిషికే ఎక్కువ.

తీర్పు తర్వాత సంగతి తొందరగా చెప్పి ముగిస్త. 2024 ఏప్రిల్‌లో కేంద్రం కేబినెట్ సెక్రటరీతో కమిటీ వేసింది. అదే ఏడాది, ఇట్లాంటి జంటలు ఒకే రేషన్ కార్డులో ఒక ఇంటివాళ్లుగా ఉండొచ్చని, బ్యాంకులో జాయింట్ ఖాతా తెరవొచ్చని ప్రభుత్వం చెప్పింది. రివ్యూ పిటిషన్లను సుప్రీంకోర్టు 2025 జనవరి 9న కొట్టేసింది. పక్కన నేపాల్‌లో 2023లోనే ఒక జంట పెళ్లి రిజిస్టర్ అయింది. థాయిలాండ్‌లో 2025 జనవరిలో చట్టమే అమల్లోకొచ్చింది. మన దగ్గర బంతి పార్లమెంటు కోర్టులో ఉన్నది, కదలడం లేదు.

ఒక పని పెట్టుకుందాం. దసరా సెలవులకు అందరం ఊర్లకు పోతం. తండాలో, గూడెంలో, పెంటలో ఉన్న ముసలోళ్లను కూర్చోబెట్టి పెళ్లిళ్లు ఎన్ని రకాలుండేవో అడగండి. ఎవరు ఎవరిని చేసుకోవచ్చు, చేసుకోవద్దన్న వాళ్లు చేసుకుంటే తప్పు ఎంత కట్టించిండ్రు, తర్వాత కలుపుకున్నరా లేదా. పెళ్లే చేసుకోకుండా ఇద్దరు ఆడవాళ్లో మగవాళ్లో కలిసి బతికిన ఇండ్లు ఏమన్న ఉండేనా, ఊరు వాళ్లను ఏమని పిలిచేది. సిగ్గుపడకుండా అడగండి, మనుషుల పేర్లు మాత్రం రాయొద్దు. కోయ, గోండు, చెంచు, ఎరుకల, లంబాడా, ఎవరిది వాళ్లు రాసి పంపండి. నేను మా తండాలో నానమ్మతోని మొదలుపెడుత.